పేరు మారినా తెగని పల్టన్ల వెంట: చెన్నై నుంచి రాణీఖేత్ దాకా

మొదటి రోజు: చెన్నై

మన సైన్యంలోని పాత పల్టన్ల, అంటే పటాలాల, పుట్టుపూర్వోత్తరాలు వెతికేవారు ముందుగా చూడాల్సిన చోటు సెయింట్ జార్జి కోట. మావయ్యా నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాం. మావయ్య సైన్యపు ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. ఏ యూనిట్ గురించి మాట వచ్చినా ఆయన మొదట అడిగేది ఒక్కటే, ‘రైజింగ్ ఎప్పుడు?’ అని, అంటే ఆ దళం ఎప్పుడు పుట్టిందని. ఈ ప్రయాణమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

1748లో బ్రిటిష్ అధికారి స్ట్రింగర్ లారెన్స్ ఈ తీరానికి వచ్చి ఈస్టిండియా కంపెనీ బలగాలకు కవాతూ క్రమశిక్షణా నేర్పాడు. అయినా స్థానిక సిపాయిలు మరో పదేళ్లపాటు ‘కంపెనీలు’ అనే విడివిడి చిన్న దళాలుగానే ఉండిపోయారు. 1758లో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసు మీదికి దండెత్తి వస్తున్నాడని తెలిశాక ఆ చిన్న దళాలను కలిపి బటాలియన్లు అనే పెద్ద దళాలుగా కట్టారు. డిసెంబరులో ముట్టడి మొదలైంది. 1759 ఫిబ్రవరిలో లాలీ వెనుదిరిగాడు. నేటి మద్రాస్ రెజిమెంటు తన పుట్టిన సంవత్సరంగా 1758నే చెప్పుకుంటుంది. ఆ తొలి బటాలియన్లకు ‘కోస్ట్ సిపాయిలు’ అని పేరు. తర్వాత దక్షిణాన కట్టినవి కర్ణాటిక్ బటాలియన్లు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాక మన తెలుగు నేల మీద సర్కార్ బటాలియన్లు లేచాయి.

కోటలోని మ్యూజియం 1795 నాటి భవనంలో ఉంది. కత్తులు, తుపాకులు, పతకాలు అన్నీ వరుసగా పెట్టారు. మామూలు సందర్శకుడు ఆ గదిని పది నిమిషాల్లో దాటేస్తాడు. మావయ్య మాత్రం ప్రతి పలకనూ చదివారు. బయట చెట్టు కింద కూర్చున్నాక నా నోటు పుస్తకం తీసుకుని నాలుగు సంవత్సరాలు రాసి ఇచ్చారు: 1796, 1824, 1903, 1922.

మద్రాసు పల్టన్ల వంశవృక్షం ఎక్కాలంటే ఈ నాలుగు మెట్లూ తెలియాలి. 1796లో బటాలియన్లను రెండేసి చొప్పున కలిపి ఒక్కో రెజిమెంటుగా చేశారు. 1824లో ఆ జంటలను విడదీసి ప్రతి బటాలియన్‌కూ సొంత నంబరు ఇచ్చారు. 1903లో సేనాపతి కిచెనర్ భారత సైన్యమంతటికీ ఒకే వరుస నంబర్లు పెట్టినప్పుడు మద్రాసు పదాతి దళాల పాత నంబర్లకు అరవై కలిపారు. అలా 1వ మద్రాస్ 61 అయింది, 13వది 73 అయింది. 1922లో ఆ విడి దళాలను మళ్లీ గుంపులు చేసి పెద్ద రెజిమెంట్ల కిందికి తెచ్చారు. ఈ లెక్క తెలియనివారికి ఒకే పల్టన్ నాలుగు వేర్వేరు పల్టన్లలా కనిపిస్తుంది. యుద్ధ స్మారకాల మీది నంబర్లు చూసి చాలామంది తికమక పడేది ఇందుకే.

రెండో రోజు: వేలూరు

వేలూరు కోట కందకం ఇప్పటికీ నీళ్లతో నిండుగా ఉంది. లోపల జలకంఠేశ్వరాలయం, పక్కనే చర్చి, మసీదు ఉన్నాయి. సందర్శకులు ఎక్కువగా గుడి శిల్పాల కోసమే వస్తున్నారు. మేము వచ్చింది 1806 జూలై 10 కోసం.

అంతకుముందు ఏడాది మద్రాసు సైన్యంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. నుదుటి బొట్టు పెట్టకూడదు, గడ్డాలు గొరిగించుకోవాలి, టోపీని తలపించే కొత్త తలపాగా ధరించాలి. హిందూ సిపాయిలకూ ముస్లిం సిపాయిలకూ ఒకేసారి మనసు విరిగింది. టిప్పు కుటుంబాన్ని బందీలుగా ఉంచింది కూడా ఈ కోటలోనే. ఆ రాత్రి సిపాయిలు తిరగబడి కోట పట్టుకున్నారు. తెల్లవారాక ఆర్కాటు నుంచి బ్రిటిష్ అధికారి గిలెస్పీ అశ్వదళంతో వచ్చి తిరుగుబాటును రక్తంలో ముంచాడు. కోట బయట మక్కాన్ కూడలిలో వారి స్మారక స్తంభం ఉంది. ఇంతవరకు బడి పుస్తకాల్లో చదువుకున్నదే.

ఆ తర్వాత జరిగినది మాత్రం చాలామందికి తెలియదు. నన్ను ఇక్కడికి రప్పించింది అదే. తిరుగుబాటు చేసిన సిపాయిలు 1వ, 23వ రెజిమెంట్లవారు. సర్కారు ఆ రెండు నంబర్లనూ సైన్యం జాబితా నుంచి కొట్టేసింది. మిగిలినవారితో కట్టిన దళానికి 24 అని కొత్త నంబరు ఇచ్చింది. మద్రాసు సైన్యంలో మొదటి స్థానంలో నిలిచిన పల్టన్ ఒక్కసారిగా చిట్టచివరికి పోయింది.

పదకొండేళ్లు గడిచాయి. 1817 నవంబరు 26, 27 తేదీల్లో నాగపూర్ దగ్గర సీతాబర్డీ గుట్టల మీద భోంస్లే సైన్యానికీ కంపెనీ బలగానికీ పోరు జరిగింది. ఎదుటివారు ఎన్నో రెట్లు ఎక్కువ. గుట్టల మీద నిలిచిన మద్రాసు పల్టన్లలో 24వది ఒకటి. గెలిచాక సిపాయిలు కోరుకున్నది తమ పాత నంబరు, పాత యూనిఫారం అంచు రంగు. ఆ కోరిక తీరింది. 24వ దళం మళ్లీ 1వ దళమైంది.

కోట గోడ మీద నడుస్తూ దీని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. వేలూరులో తిరగబడినవారూ, సీతాబర్డీలో గెలిచినవారూ చాలావరకు వేర్వేరు మనుషులు. పదకొండేళ్లలో పల్టన్‌లో సగం మంది మారిపోయి ఉంటారు. అయినా కొత్తగా చేరినవారు కూడా ఆ కొట్టివేతను తమ అవమానంగానే మోశారు. సైనిక యూనిట్‌కు వంశం ఉంటుందని అనడంలో అర్థం ఇదేనని నాకు అనిపించింది. తాము చేయని పనికి తలదించుకోవడం, తాము గెలవని యుద్ధానికి తల ఎత్తుకోవడం రెండూ అందులో ఉన్నాయి. ‘యూనిట్‌లో చేరిన మొదటి వారం నుంచే ఇది ఎక్కిస్తారురా, ఎక్కకపోతే వాడు జవాను కాడు’ అన్నారు మావయ్య.

ఆ 1వ మద్రాస్ తర్వాత పయనీర్ల దళమైంది, అంటే సైన్యానికి దారులు వేసే, కందకాలు తవ్వే దళం. 1903లో 61వ పయనీర్స్, 1922లో 1వ మద్రాస్ పయనీర్స్. 1933లో పయనీర్లను రద్దు చేసినప్పుడు దాని కథ ముగిసింది. అంత పట్టుబట్టి నంబరు తిరిగి తెచ్చుకున్న పల్టన్ ఈరోజు లేదు. అది నాకు నిజంగా బాధ కలిగించింది.

మూడో రోజు: బెంగళూరు

ఈరోజు మావయ్య ముఖం వెలిగిపోయింది. అలసూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సెంటర్ ఆయన పాత ఇల్లు. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం కాబట్టి మ్యూజియం చూడగలిగాం. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి.

1780 సెప్టెంబరు 30న రెండు కంపెనీల పయనీర్లతో ఈ దళం పుట్టింది. దాన్ని కట్టిన మూర్‌హౌస్ 1791లో బెంగళూరు పేట ముట్టడిలో, అంటే ఈ ఊళ్లోనే మరణించాడు. 1831లో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అనే పేరు స్థిరపడింది. ఇక్కడి జవాన్లు ఒకరినొకరు ‘తంబి’ అని పిలుచుకుంటారు. గేటు దగ్గర ఒక కుర్ర జవాను మావయ్య కార్డు చూసి నిటారుగా నిలబడి, ‘తంబి సాబ్, రండి’ అన్నాడు. ఇద్దరికీ నలభై ఏళ్లకు పైగా తేడా ఉంది.

ముళ్లకంచెలను పేల్చడానికి గొట్టాల్లో మందుగుండు కూరి నెట్టే బెంగళూరు టార్పెడోను 1912లో ఈ సాపర్లే తయారు చేశారు. కెప్టెన్ మెక్‌క్లింటాక్ దాని రూపకర్త. ఆ తర్వాతి రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ దాన్ని ఎన్నో దేశాల సైన్యాలు వాడాయి. సుబేదార్ సుబ్రమణ్యం పేరు ముందు మావయ్య చాలాసేపు నిలబడ్డారు. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మందుపాతర మీద పడుకుని సహచరులను కాపాడి ప్రాణమిచ్చినవారు ఆయన. బ్రిటిష్ శౌర్య పతకం జార్జ్ క్రాస్ పొందిన మొదటి భారతీయుడు. ఆయన పనిచేసిన 11 ఫీల్డ్ పార్క్ కంపెనీ పేరు ఎత్తినప్పుడు మావయ్య గొంతు మారింది.

మద్రాసు సైన్యం నుంచి వచ్చిన వంశాల్లో ఎక్కడా తెగకుండా వచ్చింది దాదాపుగా ఇదొక్కటే. పదాతి దళాలను రద్దు చేసినప్పుడూ, మనుషులను మార్చినప్పుడూ సాపర్లను తాకలేదు. వంతెన కట్టేవాడినీ సొరంగం తవ్వేవాడినీ ‘యుద్ధానికి పనికిరాడు’ అని తీసిపారేయడం అంత తేలిక కాదు మరి. 1933 తర్వాత మద్రాస్ పయనీర్ల జవాన్లు కొందరు వచ్చి చేరింది కూడా ఇక్కడికే. నిన్న వేలూరులో ముగిసిందనుకున్న దారానికి కనీసం ఒక పోగు ఇక్కడ మిగిలింది.

నాలుగో రోజు: శ్రీరంగపట్నం మీదుగా నీలగిరులకు

శ్రీరంగపట్నంలో గోడ బద్దలైన చోటు చూసి ముందుకు కదిలాం. 1799 మే 4న టిప్పు మరణించిన చోటు కూడా దగ్గరలోనే ఉంది. చాలా మద్రాసు పల్టన్ల బ్యాటిల్ ఆనర్లలో, అంటే గౌరవంగా చెప్పుకునే యుద్ధాల జాబితాలో, ఈ ఊరి పేరు ఉంటుంది. మైసూరు సైన్యంలో పోరాడి ఓడినవారి వంశం మాత్రం ఏ రెజిమెంటు చిహ్నం (క్రెస్ట్) మీదా లేదు. ఆ తర్వాత ఘాట్ రోడ్డు, పొగమంచు, చీకటి పడ్డాక వెల్లింగ్టన్.

ఐదో రోజు: వెల్లింగ్టన్

మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఇక్కడ ఉంది. కొండ మీద పొడవుగా కనిపించే పాత భవనాలను 1850లలో కట్టారు. ఇప్పుడు వాటి పేరు శ్రీనగేశ్ బ్యారక్స్. ఆ పేరు గురించి రాణీఖేత్‌లో మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

మైదానంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు పరుగెత్తుతున్నారు. కేరళ, తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ఐదు రాష్ట్రాలవారూ వారిలో ఉన్నారు. ‘వీర మద్రాసీ! అడి కొల్లు, అడి కొల్లు!’ అని వాళ్లు ఒక్క గొంతుతో అరిస్తే లోయంతా మారుమోగింది. రెజిమెంటు క్రెస్ట్ మీద ఏనుగు ఉంటుంది. అది 1803 సెప్టెంబరు 23న అస్సయి యుద్ధంలో పోరాడినందుకు దక్కిన గుర్తు.

మాకు అన్నీ చూపించినవారు ఒక రిటైర్డ్ సుబేదార్ గారు, శ్రీకాకుళం జిల్లా మనిషి. ఆయన గోడ మీది బటాలియన్ల పట్టిక ముందు నిలబెట్టి, ‘ఇందులో ఏది పెద్దదో చెప్పండి బాబూ’ అని అడిగారు. 2వ బటాలియన్ అన్నాను, 1776 అని ఉంది కాబట్టి. ఆయన నవ్వి 9వ బటాలియన్, అంటే 9 మద్రాస్ మీద వేలు పెట్టారు. అది తిరువాన్కూరు రాజుల దళం. 1704 నుంచి వంశం చెప్పుకుంటుంది. 1741లో కొలాచల్ దగ్గర డచ్చివారిని ఓడించిన మార్తాండవర్మ సేన వారసత్వం దానిది. స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానం విలీనమైనప్పుడు ఈ రెజిమెంటులోకి వచ్చింది. అంటే 1758లో పుట్టిన రెజిమెంటులో 1704లో పుట్టిన బటాలియన్ ఉంది. రెజిమెంటు వయసు వేరు, బటాలియన్ వయసు వేరు.

మరో చిక్కు ఉంది. 1922లో 73, 75, 79, 83 వంటి పాత దళాలను కలిపి 3వ మద్రాస్ రెజిమెంటు కట్టారు. 1928 వచ్చేసరికి అది మొత్తం రద్దయింది. ఖర్చు తగ్గించుకోవడం ఒక కారణం. రెండో కారణం అంతకంటే అన్యాయమైనది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాది మనిషి యుద్ధానికి తగడని బలంగా నమ్మాడు. తర్వాత మొత్తం భారత సైన్యానికే సేనాపతి అయ్యాడు. ఆ నమ్మకమే విధానంగా మారింది. అస్సయిలో, సీతాబర్డీలో, శ్రీరంగపట్నంలో నిలబడిన వారి మనవళ్లకు ఎత్తూ ఛాతీ చూసి తలుపు మూసేశారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జవాన్లు కావాల్సి వచ్చినప్పుడు మళ్లీ మద్రాస్ రెజిమెంటును లేపారు. మధ్యలో పదేళ్లకు పైగా ఖాళీ ఉంది. మరి 1758 నుంచి వంశం చెప్పుకోవచ్చా అని సుబేదార్ గారిని అడిగాను. ‘రద్దు చేసింది వాళ్లు, మర్చిపోయింది మేము కాదు కదండీ’ అన్నారు. నా తీర్పు కూడా అదే. పాత ఆనర్లను కొత్త బటాలియన్లకు అప్పగించాక, ఆ పేర్ల కోసం బర్మా అడవుల్లో మళ్లీ ప్రాణాలు పెట్టాక, ఆ ఖాళీని పట్టుకుని వాదించడం సబబు కాదు.

1776 నాటి 73వ కర్ణాటిక్ వారసత్వం గల 1 మద్రాస్ మాత్రం ఇప్పుడు ఈ పట్టికలో లేదు. 1979లో మెకనైజ్డ్ ఇన్ఫంట్రీ ఏర్పడినప్పుడు దాని మొదటి బటాలియన్‌గా వెళ్లిపోయింది. వాహనాల మీద కదిలే పల్టన్, వంశం మాత్రం కర్ణాటిక్ సిపాయిది.

ఆరో రోజు: రైల్లో

కోయంబత్తూరు నుంచి సికింద్రాబాద్ దాకా రోజంతా రైలు. నోటు పుస్తకంలో 61 నుంచి 92 దాకా నంబర్లు వరుసగా రాసుకుని ఒక్కొక్కటి ఎక్కడికి పోయిందో గుర్తు పెట్టుకుంటూ కూర్చున్నాను.

మద్రాసు పల్టన్లలో సగానికి సగం రద్దు కాలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వాటిలోని దక్షిణాది జవాన్లను పంపేసి పంజాబువారిని చేర్చారు. 1903 తర్వాత వాటి పేరు పంజాబీస్. 62వ పంజాబీస్, 66వ పంజాబీస్, 67వ పంజాబీస్, ఇలా. మనుషులు మారారు, భాష మారింది, తినే తిండి మారింది. పాత ఆనర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. 1781లో హైదరలీ మీద షోలింగర్‌లో గెలిచిన గౌరవం పంజాబ్ రెజిమెంటు జాబితాలో కనిపించడానికి కారణం ఇది.

భారత పంజాబ్ రెజిమెంటు క్రెస్ట్ మీద తెడ్లూ తెరచాపా ఉన్న ఓడ ఉంటుంది. సముద్రం లేని పంజాబుకు ఓడ ఎక్కడిది? అది 69వ దళానిది. సముద్రం దాటి పోరాడటానికి మళ్లీ మళ్లీ ముందుకొచ్చినందుకు మద్రాసు సిపాయిలకు దక్కిన గుర్తు. 1824లో బర్మా యుద్ధానికి పొమ్మన్నప్పుడు బరాక్‌పూర్‌లో బెంగాల్ సిపాయిలు ఎదురు తిరిగారు. మద్రాసువారు ఓడలెక్కారు.

1761లో కోస్ట్ సిపాయిల 8వ బటాలియన్‌గా పుట్టినది 67వ పంజాబీస్ అయింది, తర్వాత పంజాబ్ రెజిమెంటు మొదటి బటాలియన్ అయింది, 1952లో పారాచూట్ రెజిమెంటులోకి వెళ్లి ఇప్పుడు 1 పారా అయింది. దాని తోబుట్టువులు 62, 66 దళాలు 1వ పంజాబ్ రెజిమెంటులో చేరాయి. దేశ విభజనలో ఆ రెజిమెంటు పాకిస్తాన్‌కు దక్కింది. పాకిస్తాన్ అత్యున్నత శౌర్య పురస్కారం నిషాన్-ఎ-హైదర్‌ను మొదట పొందిన కెప్టెన్ ముహమ్మద్ సర్వర్ 1948 జూలైలో ఉరి రంగంలో మరణించాడు. ఆయన బటాలియన్ 2/1 పంజాబ్, అంటే 1వ పంజాబ్ రెజిమెంటులో 2వ బటాలియన్. అంటే పాత 66వ దళం, ఇంకా వెనక్కి పోతే మద్రాసు తీరంలో లేచిన కోస్ట్ సిపాయిలు.

ఆ గీత గీశాక కలం పక్కన పెట్టేశాను. మావయ్య కాగితం తీసుకుని చూసి, ‘మనవాళ్లే కదరా ఇద్దరూ’ అన్నారు, అంతకంటే ఏమీ అనలేదు.

ఏడో రోజు: బొల్లారం

సికింద్రాబాద్ కంటోన్మెంటు ఉత్తర అంచున బొల్లారం. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, పాత సమాధులు, నీడనిచ్చే చెట్లు. నిజాం కాలపు మూడు సైన్యాలను మనవాళ్లే కలగాపులగం చేస్తుంటారు, అందుకే కొంచెం విడమరచాలి. మొదటిది నిజాం సొంత సైన్యం. రెండోది సంధి ప్రకారం సికింద్రాబాద్‌లో ఉంచిన కంపెనీ సబ్సిడరీ బలగం. మూడోది నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల చేతికింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్. బొల్లారం ఈ మూడోదానికి కేంద్రం. దాని ఖర్చు బాకీ పేరుతోనే 1853లో బేరారును నిజాం నుంచి తీసుకున్నారు.

1813లో నిజాం దర్బారులోని బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) హెన్రీ రస్సెల్ కట్టిన రస్సెల్ బ్రిగేడ్ ఈ కంటింజెంట్‌కు వెన్నెముక. ఎల్లిచ్‌పూర్ నవాబు సలాబత్ ఖాన్ 1788లో కట్టిన దళం కూడా ఇందులో కలిసింది. 1903లో ఇవన్నీ భారత సైన్యంలో చేరి 94 నుంచి 99 దాకా నంబర్లు తెచ్చుకున్నాయి. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యాయి. కంటింజెంట్ అశ్వదళాల నుంచి వచ్చినదే డెక్కన్ హార్స్. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో హై వుడ్ దగ్గర గుర్రాల మీద దూకింది, 1965లో అసల్ ఉత్తర్‌లో ట్యాంకులతో నిలిచింది.

బొల్లారం వీధుల్లో ఈ కథ చెప్పే పలక ఒక్కటైనా మాకు కనబడలేదు. హైదరాబాద్ పేరు మోసిన రెజిమెంటు పుట్టిన నేల మీద ఒక రాయి నిలబెట్టడం ఎవరికీ భారం కాదు. తప్పకుండా ఉండాలి.

పదో రోజు: రాణీఖేత్

ఢిల్లీ, కాఠ్‌గోదాం, ఆపైన ఉత్తరాఖండ్ కొండదారి. రాణీఖేత్‌లోని కుమావ్ రెజిమెంటల్ సెంటర్ మ్యూజియం సామాన్యులు కూడా చూడవచ్చు.

హైదరాబాద్ రెజిమెంటు ఇదే. జవాన్లలో దక్కనువారు తగ్గి కుమావువారూ, అహీర్లూ పెరిగాక, 1945 అక్టోబరు 27న పేరు కుమావ్ రెజిమెంటుగా మారింది. పేరు మారినా క్రెస్ట్ మారలేదు. ముందు కాళ్లతో శిలువ పట్టుకున్న సగం సింహం రస్సెల్ కుటుంబ చిహ్నం. హైదరాబాద్ రెసిడెంటు ఇంటి గుర్తును ఈరోజు కుమావ్ కొండల కుర్రవాడు టోపీ మీద పెట్టుకుంటున్నాడు.

మొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ చిత్రం ముందు మావయ్య సెల్యూట్ చేశారు. చేతికి పట్టీ కట్టుతోనే 1947 నవంబరు 3న బడ్‌గాంలో పోరాడి ఒరిగిపోయినవారు ఆయన. ఆయన బటాలియన్ 4 కుమావ్, అంటే 1788 నాటి సలాబత్ ఖాన్ దళం. ఆయన 1942లో కమిషన్ పొందిన రోజుకు రెజిమెంటు పేరు ఇంకా 19వ హైదరాబాదే. భారత్‌లో మొదటి పరమవీర చక్రకూ, పాకిస్తాన్‌లో మొదటి నిషాన్-ఎ-హైదర్‌కూ పల్టన్ మూలాలు దక్షిణాపథంలో ఉన్నాయి. రెండూ ఒకే కాశ్మీర్ యుద్ధంలో వచ్చాయి.

రస్సెల్ మొదటి దళం, అంటే 94, ఇప్పుడు ఇక్కడ లేదు. 1952లో పారాచూట్ రెజిమెంటుకు వెళ్లి 3 పారా అయింది.

ఈ రెజిమెంటు ముగ్గురు సేనాధిపతులను ఇచ్చింది: శ్రీనగేశ్, తిమ్మయ్య, రైనా. శ్రీనగేశ్ గారి దగ్గర మా దారులన్నీ కలిశాయి. నిజాం వైద్యుడైన మల్లన్న గారి కుమారుడు. మొదట చేరింది మద్రాస్ పయనీర్స్‌లో. ఆ తర్వాత హైదరాబాద్ రెజిమెంటుకు వచ్చారు. 1955 నుంచి 1957 దాకా సేనాధిపతి, తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరు. వెల్లింగ్టన్‌లో బ్యారక్స్‌కు ఆయన పేరు, రాణీఖేత్‌లో ఆయన చిత్రం. రెండు వంశాలకూ చెందిన మనిషి.

ఇంకా చూడాల్సింది ఒకటి ఉంది. పంజాబ్ రెజిమెంటల్ సెంటర్ ఝార్ఖండ్‌లోని రామ్‌గఢ్‌లో ఉంది. 69వ దళం ఓడ గుర్తును అక్కడ దగ్గరగా చూడాలి. షోలింగర్ ఆనర్‌ను నేటి జవాన్లకు ఎలా చెబుతారో వినాలి. అనుమతి కోరుతూ మావయ్య రాణీఖేత్‌లోనే ఉత్తరం రాసి పోస్టు చేశారు.